సరంగాన్ ఎగువన నా మిషన్

ఆగస్టు 4, సోమవారం
మా చెల్లెలి కూతురు నింగ్రుమ్ ఫోన్లో ఆడే బస్సు గేమ్‌కి మోడ్ చేస్తోంది, అంటే అందులో కొత్త రోడ్డూ కొత్త బస్సూ పెడుతోంది. తవాంగ్‌మాంగు నుంచి సరంగాన్ దాకా, మా పాత కొండ రోడ్డే. ఆడేవాళ్లు ఏం చేయాలో చెప్పే రాతలు కావాలట. మిషన్లంటారట. మామయ్యా, ముప్పై ఏళ్లు ఆ కొండ మీద బస్సు నడిపావు, నువ్వు కాక ఇంకెవరు రాస్తారు అంది. నిజమే.

తర్వాత మెల్లగా చెప్పింది, గిమాన్‌ని కూడా అడిగిందట. గిమాన్ నా క్లీనర్. వాడికి సంతకం నేర్పింది నేను. ఎవరి మిషన్ ఎక్కువమంది పూర్తిచేస్తే కొత్త బస్సు ముందు అద్దం మీద వాళ్ల పేరట.

క్లీనర్ పేరు, అద్దం మీద!

ఆగస్టు 7
రాశాను. మూడు రోజులు పట్టింది. నిండు బస్సు. వాన. నిట్టనిలువు మలుపు. ముందు లారీ ఆగింది. ఆగు. మళ్లీ కదిలి పైకెక్కు. అంతే.

నింగ్రుమ్ చదివి, బాగుంది గానీ ఇందులో మనుషులేరీ మామయ్యా అంది. బస్సు నిండా ఉన్నారుగా అన్నాను.

ఆగస్టు 9
గిమాన్ మిషన్ కోడిపుంజు మీద. ముసలమ్మ దాన్ని సీటు కింద మరిచి దిగిపోతుంది. పట్టుకుని తిరిగిచ్చి రావాలి. ఇదొక మిషన్!

ఆగస్టు 11
కోడిపుంజు రెండు వేల మంది పూర్తిచేశారు. నాది సున్నా.

ఆగస్టు 12
టీ కొట్లో జనం గిమాన్‌ని చూసి కొక్కొరోకో అని అరిచారు. వాడికదో సన్మానం. నా పక్కనే కూర్చుని, నీ పుణ్యమే అన్నా, అది అప్పట్లో మన బస్సులో దొరికిన పుంజే కదా అన్నాడు. వేయించిన టెంపే, ఆ సోయా ముక్కలు, నా వైపు జరిపాడు. నాకు టెంపే ఇష్టం. తినలేదు.

ఆగస్టు 13
నింగ్రుమ్ నా మిషన్ కింద కామెంట్లు చదివి వినిపించింది. ఆపితే చాలు, బస్సు వెనక్కి జారి లోయలో పడుతోందట. ఈ ముసలాయన జన్మలో స్టీరింగ్ పట్టాడా అని ఒకడు. గేమే తప్పన్నాను. పాత బస్సు, పట్టని బ్రేకు, నిండా జనం, మరి నువ్వెలా ఆపేవాడివి మామయ్యా అని అడిగింది.

క్లచ్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో గుర్తొచ్చింది.

గిమాన్ దూకేవాడు. నా కాలు బ్రేకు మీద పడేలోపే వెనక తలుపులోంచి వానలోకి దూకి, చక్రం కింద చెక్క దిమ్మ పెట్టేవాడు. బస్సు కదిలాక దిమ్మ చంకన పెట్టుకుని పరిగెత్తి ఎక్కేవాడు. ముప్పై ఏళ్లు. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు నేను. చప్పుడు వినేవాణ్ని, అంతే.

తలనొప్పని చెప్పి వచ్చేశాను.

ఆగస్టు 14
ఒక్క మాట కలిపి పంపాను. ఆగగానే క్లీనర్ దూకి దిమ్మ పెట్టాలి. ఏ క్లీనరో రాయలేదు.

ఆగస్టు 19
నాది మూడు వేలు దాటింది. అద్దం మీద పార్తో అని నా పేరు, ఎర్ర అక్షరాల్లో. కామెంట్లలో మాత్రం, ఆ క్లీనర్ ఎవడో గానీ మొనగాడ్రా అని.

అద్దం నీదేనని నాకు ముందే తెలుసు అన్నా అని గిమాన్ చెయ్యి పట్టుకుని ఊపాడు. వాడికి కడుపుమంట లేదు. అందుకే నాకు ఇంకా మండింది.

ఆగస్టు 21, ఉదయం 6
నా మిషన్‌ని ఇప్పుడు క్లీనర్‌గా కూడా ఆడొచ్చట. ఆడాను. ఏడుసార్లు దూకాను. ఏడుసార్లూ దిమ్మ ఆలస్యం. నా పేరున్న అద్దం నన్నే చూస్తూ వానలో కిందికి జారిపోయింది.