సోమవారం పూట మాత్ర

అక్టోబర్ 24, శుక్రవారం
కొత్త మాత్ర మొదలు. గుండె లయ తప్పుతోంది కదా, గడ్డ కట్టకుండా రక్తం పలచగా ఉంచాలి. పని పాతదే, మాత్ర వేరు. ఉదయం ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి. నెలనెలా శ్రీకాకుళం వెళ్లి పరీక్షకు రక్తం ఇవ్వక్కర్లేదట. ఆకుకూరలు మామూలుగా తినొచ్చట. మందుల కొట్లో ధర విని ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ఒసే, నీ నెత్తురు బంగారమైపోనాది."

అక్టోబర్ 26
తోటకూర వండాను. ఎన్నాళ్లకో! రెండోసారి వడ్డించుకోబోతే చెయ్యి ఆగింది. పాత మాత్రకు పరీక్షలో ఒక అంకె వచ్చేది. ఎక్కువో, తక్కువో తెలిసేది. ఇప్పుడు అంకె లేదు. బాగున్నానని ఎవరు చెప్తారు?

అక్టోబర్ 27, కార్తీక సోమవారం
చుక్క కనపడేదాకా మంచినీళ్లు కూడా ముట్టను — నిరుడు ఆసుపత్రి మంచం మీద శివయ్యకు మొక్కుకున్న మాట. పాత మాత్ర రాత్రిపూటే కనుక ఇబ్బంది ఉండేది కాదు. ఉదయంది పక్కన పెట్టాను. చుక్కను చూశాక రెండూ కలిపి వేసుకున్నాను. లెక్క సరిపోయింది.

అక్టోబర్ 28
పళ్లు తోముతుంటే ఎర్రగా... పుక్కిలించినా ఆగదు. ఆయనే డాక్టరమ్మకు ఫోన్ చేశారు. "రెండూ కలిపి వేసుకోకూడదమ్మా. మానకూడదు కూడా. పాతది ఒక పూట తప్పినా ఒంట్లో ఉండేది. ఇది త్వరగా దిగిపోతుంది. గడ్డ మెదడుకు పోతే..." తర్వాత నాకేమీ వినపడలేదు.
మధ్యాహ్నానికి రక్తం ఆగింది.

అక్టోబర్ 30
ఆయన అక్క వచ్చింది. "ఏటే, మందు మింగితే ఉపాసం సెడిపోద్దేటి? ఇసం మింగినోడు నీ గుక్కెడు నీళ్లకి కోప్పడతాడా?" నవ్వొచ్చింది. నీళ్లు ముట్టనని మొక్కానే వదినా... "అయితే ఆ పాత మాత్రే అడుగు!" అదీ అనుకున్నాను. కానీ నాకు ఆ అంకె ఎప్పుడూ నిలకడగా ఉండలేదు. అందుకేగా మార్చారు.

నవంబర్ 1
పంతులుగారు కూడా అదే మాట — "ఔషధానికి దోషం లేదమ్మా." అందరూ సరే అంటున్నారు. నేను మాట ఇచ్చింది వీళ్లకు కాదు.

నవంబర్ 3, సోమవారం
దీపం పెట్టాను. ఉదయం ఎనిమిది దాటింది. ఆయన గ్లాసుతో నీళ్లు తెచ్చి పీట పక్కన పెట్టారు. "నువ్వు తాగినదాకా నానూ ముట్టను, సూడు." ఆయన టీ చల్లారిపోతోంది. మాత్ర అరచేతిలో ఉంది. గుండె దడదడ... భయమో, జబ్బో.
శివయ్యా, ఒక్క మాట చెప్పు. పూట దాటిపోతోంది —