రఫు చేసిన గుండె

దాజీ పేట్, షోలాపూర్

వదినెకు,

మస్కట్ వీసాలు వచ్చేశాయి, మా ముగ్గురికీ! సంతోషంలో అక్షరాలు వంకరపోతే సర్దుకో.

అక్కడ నువ్వు కుదిర్చిన గుండె డాక్టరమ్మ నిన్న వీడియోలో మాట్లాడింది. ఆమె చూస్తానంటేనే పాపతో కదులుతానని మీ తమ్ముడికి ముందే చెప్పాను కదా. ఏం ఆపరేషన్ అయిందని ఆమె ఇంగ్లీషులో అడిగింది. మన ఏడేళ్ల సమృద్ధి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "హార్ట్‌లో హోల్. రఫు!" అంది. చిరిగిన చద్దర్లను మీ నాన్న, అదే మామయ్య, అతుకు కనపడకుండా దారాలతో అల్లే పని పేరే ఆపరేషన్‌కూ పెట్టుకుంది.

డాక్టరమ్మ మొహం మారిపోయింది. "రఫ్ హార్టా? ఎప్పటి నుంచి?"

వెంటనే మామయ్య ఒక చద్దరు తెచ్చి ఫోన్ ముందు పరిచారు. "గీడ రంధ్రం వడ్డది, నేనే రఫు చేసిన. ఏడుందో జూపుండ్రి మేడం!"

మీ తమ్ముడు ఇంగ్లీషులో చెప్పాక ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వెతికి వెతికి, పకపకా నవ్వేసింది. "జూన్ పరీక్షలో నీ గుండెలోనూ నాకిలాగే దొరక్కూడదు" అంది పాపతో.

జూన్ మొదటి వారానికి తేదీ తీసుకో వదినె. ఆమె 'రఫ్' అని రాసుకుంది, అది కొట్టేయించు. పాత రిపోర్టుల ఫైలుతో ఆ చద్దరు కూడా పంపుతున్నాను, ఆమెకివ్వు.

మూట కట్టే ముందు నేనూ వెతికాను. దొరకలేదు వదినె, దొరకలేదు!

నీ మరదలు