సరిపడే మూత

ప్రియమైన అత్తయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. పేజీకి ఆరేడు వరుసలే, ఒక్కో అక్షరం అరచేయంత. మీకెంత కోపం వచ్చిందో దాన్నిబట్టే తెలిసింది. నాకూ వచ్చింది కాబట్టి కుట్టుమిషన్ ఆపి మరీ రాస్తున్నాను.

పాపను పంపను. రెండేళ్లు నిండబోతున్నా మాట రాలేదు కాబట్టి మీ దగ్గర ఉంచుకుని దారిలో పెడతానన్నారు. ముప్ఫై ఏళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మీ ముందు, బట్టలు కుట్టుకునే నేనెంత? మీ అబ్బాయి కూడా, అమ్మ ఏం చెప్పినా ఆలోచించే చెబుతుందని నసిగారు. ఆయన నసుగుడు సంగతి నేను చూసుకుంటాను.

మీరు వచ్చిన వారంలో వంటింటి అలమర కింది అరకు తాళం వేశారు. పాప ఆస్తంతా అందులోనే ఉంది. నాలుగు గిన్నెలు, వాటి మూతలు, బట్టల క్లిప్పులు, నా ఖాళీ దారపు రీళ్లు. "అంట్లతో పెంచితే అంట్లు తోముకునేదే అవుతుంది" అన్నారు. బదులుగా నొక్కితే అక్షరాలు పలికే బొమ్మ కొన్నారు. పాప దాన్ని ఒకసారి నొక్కింది, తిరగేసి చూసింది, చివరికి దాన్నే తాళానికేసి కొట్టింది. నాకైతే ముద్దొచ్చింది.

మాట రాలేదు, సరే. రీలు నిలబెడితే నిలుస్తుందని, పడుకోబెడితే దొర్లుతుందని దానికి ఎవరు చెప్పారు?

నాకూ మాట ఆలస్యంగానే వచ్చిందట. బాగుపడతానని ఐదేళ్లప్పుడు నన్ను పెద్దమ్మ ఇంటికి పంపారు. అక్కడ దేన్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మాత్రం బాగా నేర్చుకున్నాను. ఏడాది తర్వాత ఇంటికొస్తే, అమ్మ ఏదిచ్చినా అందుకోవడానికి చెయ్యి చాపేదాన్ని కాదు. ఈ సంగతి మీ అబ్బాయికి కూడా చెప్పలేదు. నా కూతురి చేతులు అలా ముడుచుకోనివ్వను.

మీ బస్సు మలుపు తిరగకముందే తాళం తీసేశాను. కోపం వస్తే రానివ్వండి.

మీ కోడలు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం భూతద్దం పెట్టుకుని రెండు పూటలు చదివాను. పెద్దమ్మ ఇంటి సంగతి దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

అక్షరాలు పెద్దగా రాసింది కోపంతో కాదు. చిన్నగా రాస్తే నాకే కనబడడం లేదు. ఎడమ కన్ను ఏడాదిగా మసక, కుడిదీ అదే దారి పట్టింది. ఒకరికి చెప్పడమే తప్ప నా గురించి చెప్పుకోవడం అలవాటు లేదు.

మీ ఇంటికి వచ్చిన మర్నాడు పాలు కాచి, దించి, మూత పెట్టబోయాను. ఏది పెట్టినా లోపలికి జారిపోతోంది. పాప వచ్చి నా కొంగు లాగింది, చేతిలో మూత తీసుకుంది, అరలోంచి సరిపడేది తెచ్చి ఇచ్చింది. అంతమందికి చదువు చెప్పినదాన్ని, మాటైనా రాని పిల్ల నన్ను దిద్దింది. సిగ్గేసింది. ఆ సాయంత్రమే తాళం కొన్నాను. అంట్ల మాట తర్వాత వెతుక్కున్న సాకు. పంపమన్నదీ నా పెద్దరికం నిలుపుకోవడానికే.

పాపను పంపొద్దు. సోమవారం నేనే వస్తున్నాను. కంటి డాక్టరు దగ్గరికి అబ్బాయిని తీసుకెళ్లమను, అక్కడ నసగొద్దని కూడా చెప్పు.

కింది అర ముందు నాకో పీట వేసి ఉంచు. ఏ మూత దేనిదో పాప నాకు చేతులతో నేర్పాలి.

అత్తయ్య