ఎవరి నంబరు ముందు?

ఢిల్లీ,
గురువారం

ఓబుళేశు మామకు,

మొగుణ్ణి ఇంకా మామా అనే పిలుస్తానంటే ఇక్కడి వాళ్ళకు ఒకటే నవ్వు. లారీలో వేళకు తింటున్నావా? నాకు చపాతీలతో నాలుక చచ్చిపోయింది, సంగటి మీదికే మనసు పోతోంది.

నర్సుల ట్రైనింగుకని వచ్చానా, ఈ వారం వేరే దేశాల వాళ్ళూ వచ్చారు. వైద్యంలో ఫోన్లు, కంప్యూటర్లు వాడాలంటే ఏది ముందు చేయాలని చర్చ. ఎస్టోనియా ఆమె, మనిషి జబ్బుల వివరాలన్నీ ఒకే చోట దొరకాలంది. రువాండా ఆయన, కొండల మీది ఆసుపత్రులకు డ్రోన్లతో రక్తం చేర్చడం ముందన్నాడు. ఎవరి కష్టాన్ని బట్టి వాళ్ళ వరస. నన్నడిగితే, "ఆడమనిషికి తన సొంత నంబరు" అన్నాను. మన ఎర్రగుంట్లలో గర్భిణుల పేర్లు రాసుకునేటప్పుడు నేనే మొగుడి నంబరు అడుగుతాను కదా. సూది వేయించుకోమనే మెసేజీ సిమెంటు లారీలో బళ్ళారి పోతుంది, ఆమె ఇంట్లో ఉంటుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ ఏడుపు ఎందుకో ఫోనులో చెప్పలేక ఇలా రాస్తున్నాను. బయలుదేరే ముందు కడపలో పరీక్ష చేయించుకున్నాను. రొమ్ములో చిన్న గడ్డ. బండి నడిపేవాడివి, నీకు చెప్పాలంటే భయమేసింది. తిరిగొచ్చాక ఒక్కదాన్నే పోయి రిపోర్టు తెచ్చుకుందామనుకున్నాను. తీరా కౌంటరులో అలవాటు కొద్దీ నీ నంబరే చెప్పాను! మెసేజీ వస్తే ఒంటరిగా చదవద్దు మామా, నేనొచ్చేదాకా ఆగు.

నీ
మధులత

ఎర్రగుంట్ల,
మంగళవారం

లతా,

నీ జాబు చదివి అప్పుడే ఫోన్ చేసి అసలు సంగతి చెప్పినా కదా, నువ్వు ఏడుస్తానే ఉంటే పెట్టేసినా. మిగిలింది ఈడ రాస్తాండా.

నువ్వు రైలెక్కిన మర్నాడే మెసేజీ వచ్చింది. తాడిపత్రి కాడ బండి పక్కకాపి చదివినా. ఇంగ్లీషు సగం అర్థం కాలే గానీ, క్యాన్సరనే మాట మాత్రం కనపడింది. కడపకు పోయి డాక్టరమ్మను అడిగితే, "క్యాన్సరు లేదనే రాసినామప్పా, ఉత్త కొవ్వు గడ్డ" అనింది. ఆస్పత్రి బయట మెట్ల మీద కూచ్చోని శానాసేపు ఏడ్చినా.

నీకూ ఆ మెసేజీ వచ్చింటాదనుకున్నా. బాగుండాదని తెలిసి గూడా నాకు ఒక్క మాట చెప్పలేదే అని అలిగినా. అందుకే ఇన్ని దినాలూ ఫోన్లో ముక్తసరిగా మాట్లాడినా. నువ్వేమో ఆడ భయంతో సగమైతాండావు. మంచి కబురు నా జేబులో పెట్టుకోని ఊర్లు తిరిగినా, లతా.

ఆ దేశాలోళ్ళకు నువ్వు చెప్పిందే నిజం. నీ నంబరే ముందు రాయించు. దాని కిందనే నాది గూడా రాయించు. భయం నువ్వొక్కదానివే పడితే నేను ఓర్చుకోలేను.

నీ మామ
ఓబుళేశు