పదిహేడో కొక్కెం

బుధవారం, పొద్దున్న పదిన్నర

మా ఇంటాయనగారికి,

పెన్నుతో రాస్తూ కూర్చునే టైము లేదు. అందుకే కొట్లో బిల్లుల కంప్యూటర్ ముందు కూర్చుని టకటకా కొట్టేస్తున్నా. అచ్చు కూడా బిల్లు కాగితం చుట్ట మీదే తీస్తాను. పొడుగ్గా పట్టీలా వస్తుంది, నవ్వకండి. రొట్టెలాయన మీ గుడారానికి బయల్దేరుతున్నాడు. రొట్టెల అడుగున, టార్చి బ్యాటరీల పొట్లంలో పెడతాను. మీరొక్కరే చదవండి. అక్కడ ఫోను పలకదు. వైర్‌లెస్‌లో చెబుదామంటే అది పార్కు ఆఫీసులో పెద్దసారు బల్ల మీద ఉంది, దాని చుట్టూ పదిమంది.

మీరు వెతుకుతున్న మనిషి అక్కడ లేదండీ.

గేటు కింద వాగులో గానీ, బస్సు రోడ్డు పక్క పొదల్లో గానీ ఆవిడ దొరకదు. పైన ఉంది. సోమవారం సరస్సు దారిలో ఎక్కింది, దిగిరాలేదు. నాకెలా తెలుసంటే, ఆవిడ చెప్పులు నా దగ్గరున్నాయి.

మన కొట్టు పద్ధతి మీరు పెట్టిందే. కొక్కేనికో జత బూట్లు. అద్దెకి తీసుకున్నవాళ్ళు బూట్లు తొడుక్కుని, అదే కొక్కేనికి తమ చెప్పులు తగిలించి కొండెక్కాలి. దిగొచ్చాక బూట్లు తగిలించి చెప్పులు వేసుకుపోవాలి. ఏ వేళ చూసినా కొక్కేనికి ఏదో ఒకటి ఉంటుంది. "గేటు దగ్గర పుస్తకం పొరపాటు పడొచ్చు గానీ మన గోడ పడదు" అని మీరే అనేవారు.

సోమవారం సాయంత్రం కొట్టు కట్టేస్తుంటే పదిహేడో కొక్కేనికి ఒక జత చెప్పులు మిగిలిపోయాయి. గోధుమరంగువి, ఎడమ మడమ అరిగి పక్కకి వాలిపోయింది. చూసి నేనేమనుకున్నానో తెలుసా? ఇంకో మహాతల్లి అరిగిన చెప్పులు నాకు అంటగట్టి, కొత్త బూట్లతో ఉడాయించింది అనుకున్నా. సీజనుకి ఇద్దరు ముగ్గురు అలాంటి వాళ్ళు తగులుతూనే ఉంటారు కదా. పైగా ఇచ్చింది ఈ ఏడు తెప్పించిన, అడుగున నక్షత్రం గుర్తుండే బూట్లు, ఉన్నవే ఆరు జతలు. కడుపు మండిపోయింది. "దొంగ ముఖం, దొంగ ముఖం" అని తాళం వేసిన దగ్గర్నుంచి ఇంటి మలుపు దాకా తిడుతూనే నడిచా. మీరు నన్ను లౌడ్‌స్పీకర్ అని ఊరికే అనరు.

మరి గేటు పుస్తకంలో ఆవిడ దిగినట్టు టిక్కు ఉంది కదా అంటారు. ఆ టిక్కు గేటు చూసే మీ తమ్ముడు పెట్టింది కాదండీ. నేను పెట్టాను.

తమ్ముడికి అప్పటికి రెండ్రోజుల నుంచీ పన్ను నొప్పితో బుగ్గ బన్నులా ఉబ్బింది పాపం. సోమవారం మూడింటికి జీపు దొరికిందని పరిగెత్తుకొచ్చాడు. "వదినా, గంటసేపు గేటు పుస్తకం చూసిపెట్టు, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. "నీ పుణ్యం నాకెందుకు, పీకిన పన్ను తెచ్చి చూపించు చాలు" అన్నా. పుస్తకం ఇంకొకరి చేతికివ్వకూడదని రూలు. అయినా ఇదివరకెన్నిసార్లు కూర్చోలేదు నేను ఆ కుర్చీలో! నాలుగున్నరకి మంచుపొగ గేటు దాకా దిగిపోయింది. ఆఖరి బస్సు హారన్ కొడుతోంది. డ్రైవర్ తల బయటపెట్టి "ఇరవై రెండు తలకాయలూ ఎక్కేశాయమ్మా, వెళ్తున్నా" అని అరిచాడు. నేను పేజీ పైనుంచి కింద దాకా దారం గుచ్చినట్టు టిక్కులు పెట్టుకుంటూ పోయా. పేజీలో ఇరవై మూడు పేర్లున్నాయి. ఆఖరి వరసలో ఉన్నది ఆ బస్సు గుంపు మనిషి కాదు, ఒంటరిగా వచ్చిన ఆవిడ. లెక్కపెట్టలేదండీ. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, లేచిపోవాలనిపించింది, అంతే. తర్వాత పావుగంటకే కొట్లో ఆ చెప్పులు చూశా. చూసి కూడా ఆ రెండిటికీ ముడి పెట్టలేదు. నేను పెట్టిన టిక్కునే నమ్మి, ఆవిణ్ణి దొంగని చేశా.

నిన్న మంచు పడి దారి మూసేశారు. సాయంత్రం వాళ్ళ చెల్లెలు వచ్చింది. సోమవారం రాత్రికి కలవాల్సిన అక్క రాలేదని. పుస్తకం చూస్తే దిగినట్టే ఉంది. అయితే గేటు దాటాక బస్సు తప్పిపోయి, నడుస్తూ వాగులోకి జారి ఉంటుందని పెద్దసారు తేల్చారు. మీరందరూ ఆఫీసు నుంచే అటు వెళ్ళిపోయారు. ఆ పిల్ల చేతులు కాచుకోవడానికి మన పొయ్యి దగ్గరికి వచ్చింది. "మా అక్క ఎడమకాలు కొంచెం ఈడుస్తుందండీ, ఏ చెప్పులు కొన్నా ఎడమ మడమే ముందు అరుగుతుంది" అంది. చెప్పులు సరిగ్గా ఆ పిల్ల తల వెనక వేలాడుతున్నాయి.

అప్పుడే చెప్పాల్సింది. ఆ పిల్ల పొయ్యి మీదకి వంగగానే చెప్పులు తీసి బల్ల కింద తోసేశా.

ఎందుకంటే ఏం చెప్పను? తమ్ముడికి ఆర్నెల్ల కిందట ఒక మెమో వచ్చింది. రెండోదంటే ఉద్యోగం పోవడమే. మన కొట్టు కూడా పార్కు వాళ్ళ దయ మీద ఉన్నదే. తెల్లారేసరికి ఆవిడ ఎక్కడో దొరుకుతుంది, నాది ఉత్త అనుమానమవుతుంది అని సర్దిచెప్పుకున్నా. తెల్లారింది. దొరకలేదు.

మీ కాళ్ళు పట్టుకుంటా. పైకి వెళ్ళండి. ఏదో ఒకటి చెప్పండి, మీకెందుకో పైన అనుమానంగా ఉందనండి. పాతికేళ్ళుగా ఈ కొండెక్కించే మనిషి మాట ఎవరూ కాదనరు. నా పేరూ తమ్ముడి పేరూ రానివ్వకండి. కానీ ఇది చదవగానే లేవండి.

మీ
లౌడ్‌స్పీకర్


బుధవారం, సాయంత్రం ఐదు

ఏమండీ,

పొద్దున్న రాసింది మీకు చేరలేదు. వాగు మీద చెక్క వంతెన గాజులా గడ్డకట్టిందట. రెండింటికి రొట్టెలాయన బుట్టతో సహా వెనక్కొచ్చేశాడు. "నీ రొట్టెలు నువ్వే తిను తల్లీ, నా నడుం నాక్కావాలి" అని బుట్ట బల్ల మీద పెట్టాడు. మూడున్నర గంటలు, ఏమండీ! పైన ఒక మనిషి బిగుసుకుపోతుంటే నేను కబురు పంపేశానని నిశ్చింతగా టీ కాచుకుంటూ కూర్చున్నా.

మిగతాది వైర్‌లెస్‌లో విన్నారు. కానీ అక్కడిదాకా ఎలా వచ్చానో మీకు తెలియాలి. నా అంతట నేను చెప్పానని మీరు అనుకుంటే అదింకో అబద్ధం అవుతుంది.

ఆ చెల్లెలు పొద్దుట్నుంచీ మన కొట్లోనే ఉంది. "ఊరికే కూర్చోలేకపోతున్నానండీ, ఏదైనా పని చెప్పండి" అంటే గుడ్డ ఇచ్చా. బూట్లన్నీ దుమ్ము తుడిచి, నంబర్ల ప్రకారం కొక్కేలకి తగిలించింది. అంత నీటుగా మీరు గానీ నేను గానీ ఎప్పుడూ పెట్టలేదు. అయిపోయాక వెనక్కి జరిగి గోడంతా ఒకసారి చూసింది. "ఇదేంటండీ, పదిహేడుకి బూట్లూ లేవు, చెప్పులూ లేవు?" అంది.

పొద్దున్న తనకి కొట్టు పద్ధతి చెప్పింది నేనే. వాగుడు ఆపుకోలేక.

వంగి చెప్పులు తీసి బల్ల మీద పెట్టా. ఆ పిల్ల ఎడమ చెప్పు మడమ మీద బొటనవేలితో నిమిరింది. "ఎప్పట్నుంచి తెలుసు?" అంది. "నిన్న సాయంత్రం" అన్నా. గుడ్డ చేతిలో ఉండగానే ఆఫీసుకి పరిగెత్తింది. వెనకే నేను.

పెద్దసారు వైర్‌లెస్ నా నోటి దగ్గర పెట్టారు. చెప్పా. మీరు తిడతారని చూశా. తిడితే బాగుండేది. "ఏ బూట్లు?" అన్నారు.

"నక్షత్రం అడుగువి."

"ఎన్నింటికి ఎక్కింది?"

"పదకొండుకి."

"ఏం తీసుకెళ్ళింది?"

"దళసరి కోటు, ఫ్లాస్కు, రెండు రొట్టెలు."

"సోమవారం దారంతా బురద. రాత్రికి ఆ నక్షత్రం అచ్చులతో సహా గడ్డకట్టి ఉంటుంది. పైమంచు ఊడుస్తూ పోతాం. వాగుకి మేమున్న వైపు నుంచే పైకి అడ్డదారి ఉంది" అన్నారు. అంతే, ఆగిపోయింది. నాతో ఒక్క ముక్క వేరే అనలేదు మీరు.

తర్వాత జరిగింది మీకు వినపడలేదు. పెద్దసారు పుస్తకం తెరిచి మీ తమ్ముడి ముందు పడేశారు. "మనిషి పైనుంటే ఈ టిక్కేంటయ్యా?" అన్నారు. తమ్ముడు నావైపు ఒక్కసారి చూశాడు. బుగ్గ ఇంకా తగ్గలేదు. "నాదే పొరపాటు సార్. తొందరలో పెట్టేశా" అన్నాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నా. ఊరందరి సంగతులూ ఊరందరికీ చెప్పే నోరు, అప్పుడు పెగల్లేదు. పెద్దసారు గేటు తాళాలు అక్కడికక్కడే తీసేసుకున్నారు.

ఇప్పుడు స్ట్రెచర్ మోసేవాళ్ళు గేటు దారిలో పైకి బయల్దేరుతున్నారు. తమ్ముడు కూడా వెళ్తున్నాడు, ఎవరూ రమ్మనకపోయినా. ఈ ఉత్తరం, దాంట్లో పొద్దున్నది చుట్టి, తన చేతికే ఇస్తున్నా. చదవడని తెలుసు. "ఏంటి వదినా ఇంత పొడుగు బిల్లు, అన్నయ్య అంతగా ఏం కొన్నాడు?" అంటున్నాడు ఇక్కడ నిలబడి. నేనేమని నవ్వను?

గేటు బోర్డు మీద "మధ్యాహ్నం రెండు దాటాక పై దారి ఎక్కరాదు" అని ప్రతి పొద్దున్నా సుద్దతో రాసేది నేనే. నా వల్ల మీరందరూ ఈ చీకటివేళ ఎక్కుతుంటే నా దస్తూరీయే నన్ను వెక్కిరిస్తోంది.

ఆవిణ్ణి తీసుకురండి. ఎలాగైనా తీసుకురండి.

మీ
ఇంటిది


శనివారం, పొద్దున్న

ఏమండీ,

ఇంటికి పోకుండా కొట్టు వెనక గదిలోనే మీరు గురక పెడుతున్నారు. మూడు రోజుల నిద్ర బాకీ కదా, లేపబుద్ధి కాలేదు. పన్నెండడుగుల దూరంలో ఉన్న మనిషికి ఉత్తరం రాయడమేంటని మీకు నవ్వొస్తుందేమో. మొన్న దిగొచ్చినప్పటి నుంచి మనిద్దరం మాట్లాడుకోలేదుగా. మీరు చేసిందల్లా నా రెండు ఉత్తరాలూ జేబులోంచి తీసి, చుట్ట విప్పి, బల్ల మీద పరిచి, వాటి మీద ఒక పెన్ను పెట్టి పడుకోవడమే. ఆ పెన్ను రెండు రోజులుగా అక్కడే ఉంది. దాన్ని కదపకుండా చుట్టూ ఊడుస్తున్నా, తుడుస్తున్నా.

గురువారం పొద్దున్న మీరు స్ట్రెచర్ ముందు కొమ్ము పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది దాటింది. ఆవిడ పెదాలు నల్లబడిపోయాయి. ఒక కాలికి నక్షత్రం బూటు ఉంది. ఎడమ కాలికి స్వెట్టర్ చుట్టుకుంది. జీపు తలుపు తీసేలోపు నేను దగ్గరికి వెళ్ళా. ఆవిడ ఎంత తిట్టినా పడదామనే వెళ్ళా. కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది. పెదాలు కదులుతుంటే చెవి ఆనించా.

"మీ బూటు ఒకటి జారిపోయిందండీ. కొత్తవి కదా. చాలా వెతికాను, దొరకలేదు. ఏమనుకోకండి."

వెతికిందట. ఆ మంచులో ఒంటికాలి మీద నా బూటు కోసం వెతికిందట. ఇంటి మలుపు దాకా దొంగ ముఖం అని తిట్టుకుంటూ నడిచింది నేను.

ఆ మాట మీరూ విన్నారు. అప్పుడే మీరు నా వైపు నుంచి ముఖం తిప్పుకున్నారు.

నిన్న చెల్లెలు ఫోన్ చేసింది. ప్రాణానికి భయం లేదట. ఎడమ కాలి వేళ్ళు మూడు తీసేశారట. ఒక రాత్రి ముందు దొరికి ఉంటే ఉండేవేమో అన్నారట డాక్టర్. తను ఆ మాట నన్ను అనడానికి చెప్పలేదు. డాక్టర్ ఏమన్నారని నేనే గుచ్చి గుచ్చి అడిగా.

నిన్న మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. ఉద్యోగం తీసేశారు, ఆదివారం పార్కు వాళ్ళిచ్చిన గది ఖాళీ చేస్తున్నాడట. భోజనం చేసి వెళ్ళమంటే "ఇంకా నమలలేను వదినా" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి, చొక్కా జేబులోంచి ఒక చిన్న కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వడిగావుగా, మర్చేపోయా" అన్నాడు. విప్పితే పన్ను!

తను ఉద్యోగం పోగొట్టుకుని, నా ముందు ఆ పన్ను పెట్టి నవ్వాడండీ. అది కోపం అయితే భరించేదాన్ని. నిజంగానే నన్ను నవ్విద్దామని తెచ్చాడు. వాడు వెళ్ళిపోయాక తలుపు గడియ పెట్టుకుని ఎంత ఏడ్చానో ఆ కొక్కేలకి తెలుసు.

అందుకని మీరు పెట్టిన పెన్ను ఇవాళ తీసుకున్నా. ఎనిమిదింటికి పెద్దసారు వస్తారు. ఆ పుస్తకం అడిగి, ఇరవై మూడో టిక్కు పక్కన నా పేరు రాసి సంతకం పెడతా. పన్ను నొప్పితో ఉన్న మనిషి కుర్చీలో నేను కూర్చున్నానని, తలలు లెక్కపెట్టకుండా టిక్కు పెట్టానని, చెప్పులు చూసి కూడా ఒక రాత్రంతా దాచానని రాస్తా. గేటు వదిలి వెళ్ళడం తమ్ముడి తప్పే, అది వాడు మోస్తాడు. నా టిక్కు మాత్రం వాడు మొయ్యక్కర్లేదు. కొట్టు లాగేసుకుంటారు, తెలుసు. బోర్డు రాసే పని కూడా పోతుంది. పోనీండి. ఈ నోటితో ఏ సంతలో కూర్చున్నా బేరం సాగుతుందని మీరే అంటారుగా.

అక్కడి నుంచి తొమ్మిదింటి బస్సెక్కి ఆసుపత్రికి వెళ్తా. చెప్పులు సంచిలో పెట్టుకున్నా. ఎడమది ఇక ఆవిడకి నప్పుతుందో లేదో తెలియదు. అయినా ఆవిడవి ఆవిడకి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ఆ టిక్కు ఎవరిదో కూడా చెప్తా. తర్వాత ఆవిడ ఏమంటే అది.

స్టవ్ మీద టీ ఉంది, వేడి చేసుకోండి. రొట్టెలు డబ్బాలో ఉన్నాయి. లేచి గోడ చూసి, పదిహేడుకి బూట్లూ చెప్పులూ లేవని కంగారు పడకండి. అవి ఎక్కడున్నాయో ఈసారి చెప్పే వెళ్తున్నా.

మీ
లౌడ్‌స్పీకర్