దూరపు చూపు లెన్స్

విశాఖపట్నం, కంటాసుపత్రి

దేముడమ్మ అప్పకు కనకదుర్గ నమస్కారాలు.

ఫోనులో నా మాట నీకు వినబడదు కనుక కార్డు రాస్తున్నాను. శుక్లం ఆపరేషన్ రేపు పొద్దున్నే. ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది కదా, మిగిలిన ఈ ఒక్కదాన్నే కోస్తారు.

"దూరం కనిపించే లెన్స్ వేయమంటారా, దగ్గర కనిపించేదా? ఏది వేసినా రెండోదానికి కళ్లజోడు తప్పదు" అని డాక్టరమ్మ అడిగింది. మిషను కుట్టేదాన్ని, సూదిలో దారం ఎక్కించాలి గనుక దగ్గరదే అన్నాను. టిఫిను కోసం గేటు దాటుతుంటే ఆటో మీదికి వచ్చేసింది. చప్పుడు విన్నాను గానీ ఎటునుంచో తెలియలేదు. మీ మరిది రెక్క పట్టుకుని లాగేశారు.

"సచ్చిపోదువే! సూది కనపడకపోతే అద్దాలెట్టుకో, బండి కనపడకపోతే ఏటి సేస్తావే?" అని రోడ్డు మీదే ఏడ్చేశారు. ఆయన ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. వెనక్కి వెళ్లి దూరానిదే వేయమన్నాను. ఒకసారి పెట్టాక అదే జన్మంతా ఉంటుందట. తప్పు చేశానేమోనని ఇంకా అనిపిస్తూనే ఉంది.

వారం ఇక్కడే ఉండమన్నారు. మా ఝాన్సీకి జడ వేసి బడికి పంపు. కత్తిరించిన జాకెట్టు గుడ్డలు ఎవరివి వాళ్లకు ఇచ్చేయి. గేదె ఈనిందా? బావకు నమస్కారాలు, ఝాన్సీకి ముద్దులు.

ఈసారి వచ్చే కార్డు నా చేతిరాతతో ఉంటే కన్ను బాగున్నట్టే. ఇంకొకరి రాత అయితే, ఝాన్సీకి చెప్పకుండా నువ్వొక్కదానివే బయలుదేరి రా.