నోటికి రాని పాస్‌వర్డ్

జూలై 3
కావలిలో ఒక నెట్ సెంటర్ కంప్యూటర్‌ను దొంగలు ఎత్తుకుపోయారట. అందులోని ఆధార్ కాపీలతో ఎవరెవరి పేరునో సిమ్ కార్డులు తీశారట. మా ఆయనకు భయం పట్టుకుంది. బోగోలులో మా సెంటర్ కంప్యూటర్లోనూ పడవలవాళ్ల కాగితాలన్నీ ఉన్నాయి. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేస్తే, పాస్‌వర్డ్ లేకుండా దొంగ ఏమీ చదవలేడట.

జూలై 4
ముందు కాపీ తీసుకోమని స్క్రీన్ మీద వచ్చింది. వేరే డిస్క్ లేదు. కానియ్యి, ఏం కాదులే అన్నాడు. పాస్‌వర్డ్ నన్నే పెట్టమన్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదు, నువ్వైతే అడిగినా చెప్పవు గదమే అని నవ్వి, అటు తిరిగి నిలబడ్డాడు. నేను చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని కొట్టాను. మరిచిపోతే తెరవడానికి రికవరీ కీ అని పొడుగాటి నంబర్ వచ్చింది. దాన్ని ఆయన దాచాడు.
మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందోనని ఇద్దరం ఇన్వర్టర్ పక్కనే కూర్చున్నాం. ముప్పై ఎనిమిది శాతం దగ్గర గంటసేపు కదల్లేదు. అన్నం తినలేదు. సాయంత్రానికి నూరు.

జూలై 11, సంగం
అమ్మకు జ్వరం. ఆపితే పాస్‌వర్డ్ అడుగుతుంది, కంప్యూటర్ ఆపొద్దని ఆయనకు చెప్పి వచ్చాను.

జూలై 12, మధ్యాహ్నం 3
కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా అయిపోయి కంప్యూటర్ ఆగిందట. పాస్‌వర్డ్ అడుగుతోందట. ముత్యాలయ్య మామ పడవ తడ దాటి తమిళ నీళ్లలోకి పోతే అక్కడి పోలీసులు పట్టుకున్నారట. పడవలో ముగ్గురు. ఐదు గంటల్లోపు పడవ రిజిస్ట్రేషన్ కాగితం పంపకపోతే కేసు. ఆ కాగితం డిస్క్‌లోనే ఉంది. మామ భార్య మస్తానమ్మ సెంటర్ గుమ్మంలో కూర్చుని, ఒరే పెంచలప్రసాదూ, నీ డబ్బాకి తాళమెందుకు పెట్టినావురా అని తిడుతోందట. రికవరీ కీ ఏదీ అన్నాను. అదీ ఆ కంప్యూటర్లోనే దాచినాడట!
పాస్‌వర్డ్‌గా నేను పెట్టింది ఆయన పేరు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అత్త అంటుంది. నా నోట ఎన్నడూ రాలేదు, అందుకే ఎవరికీ దొరకదనుకున్నాను. అమ్మ ఫోన్లో మీటలు సగం పనిచేయవు, రాసి పంపలేను. స్పీకర్ మాత్రం గట్టిగా పలుకుతుంది. ఇంటినిండా చుట్టాలు.
ఫోన్ పెట్టేశాను.

3.40
మళ్లీ చేశాడు. పెరట్లోకి పోయి చెప్పాను. వినపడలేదన్నాడు. మళ్లీ చెప్పాను. ఆయన ఆ పేరు కొట్టాడు. తెరుచుకోలేదు. మళ్లీ కొట్టాడు. ఇంకోసారి తప్పితే లాక్ పడుతుందేమో అన్నాడు.
అప్పుడు వెలిగింది. ఆయన తన స్పెల్లింగ్ కొడుతున్నాడు, నాది కాదు. ఆగమని అరిచి ఒక్కొక్క అక్షరం చెప్పాను. పి, ఇ, ఎన్, సి... హెచ్ లేదా అమే అన్నాడు. లేదన్నాను.
తెరుచుకుంది. నాలుగూ పదికి కాగితం పోయింది.

జూలై 15
పడవ రేవుకు చేరింది. పాస్‌వర్డ్ మార్చాను. ఈసారి నా పేరు పెట్టాను. అమే అనడమే గానీ ఆయన ఒక్కసారీ పిలవని పేరు.